తైక్వాండో, హాప్కిడో, తాంగ్ సూ డో: కొరియా యుద్ధకళల్లో ఎవరికి ఏది కుదురుతుంది?

పిల్లాణ్ని తైక్వాండోలో చేర్పిద్దామని వెతకడం మొదలుపెట్టిన తల్లిదండ్రులకు రెండు రోజుల్లోనే తల తిరుగుతుంది. తైక్వాండోలోనే రెండు దారులున్నాయంటారు ఒకరు. పక్క వీధిలో మాస్టారు హాప్కిడో కూడా నేర్పుతానంటాడు. డాలస్‌లో ఉన్న చెల్లెలు ఫోన్ చేసి, వాళ్లమ్మాయికి తాంగ్ సూ డోలో గ్రీన్ బెల్ట్ వచ్చిందని చెబుతుంది. అన్నిచోట్లా అవే రంగురంగుల బెల్టులు, గోడ మీద అదే కొరియా జెండా. క్రమశిక్షణ, ఏకాగ్రత, ఆత్మరక్షణ అనే మూడు మాటలు లేని కరపత్రం ఉండదు.

కాబట్టి కరపత్రాన్ని బట్టి తేల్చుకోలేం. నేను నమ్మే కొలత ఒక్కటే: గంట క్లాసులో ఏ పనికి ఎన్ని నిమిషాలు పోతున్నాయి? నలభై నిమిషాలు ప్యాడ్లు తన్నేవాడికి కిక్కులు వస్తాయి. నలభై నిమిషాలు మ్యాట్ మీద పడి లేచేవాడికి పడటం వస్తుంది. ఒంటరిగా వరసలు, అంటే ముందే కూర్చిన కదలికలు, చేసేవాడికి నిలకడ, జ్ఞాపకం వస్తాయి గానీ, ఎదురుగా మనిషి కదులుతుంటే ఏం చేయాలో తెలియదు. ఇక్కడ ప్రతి కళనూ ఆ గంటను బట్టే చూద్దాం. నేర్చుకునేవారి కోసమే కాదు, రేపు ఇదే నేర్పుతూ బతకాలనుకునే కుర్రాళ్ల కోసం, అమ్మాయిల కోసం కూడా.

## చేరేముందు తేల్చుకోవాల్సినవి

పోటీలు కావాలా? స్కూల్ గేమ్స్, రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి అంటూ మెట్లు ఎక్కాలని ఉంటే మన దగ్గర కొరియా కళల్లో ఆ మెట్లన్నీ వరసగా ఉన్నది ఒలింపిక్ తైక్వాండోకే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాబితాలో తైక్వాండో ఉంది. మిగతావాటికి సొంత టోర్నమెంట్లు ఉంటాయి, పతకాలు కూడా ఇస్తారు. అవి సీటుకో ఉద్యోగానికో పనికొస్తాయని మాత్రం ఊహించుకోవద్దు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ ఉంటే తాజా జీవోలో ఆ క్రీడ పేరుందో లేదో, మాస్టారి సంఘానికి ఈ ఏడాది గుర్తింపు ఉందో లేదో స్వయంగా చూసుకోండి. మన దేశంలో తైక్వాండో సంఘాల మధ్య గుర్తింపు తగాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. పోయిన ఏడాది చెల్లిన సర్టిఫికెట్ ఈ ఏడాది చెల్లుతుందన్న భరోసా లేదు.

దెబ్బకు ఎంతవరకు సిద్ధం? తలకు కిక్ తగిలే ఆటకు, మణికట్టు మెలితిప్పే ఆటకు, అసలు ఎదుటివారిని తాకని అభ్యాసానికి చాలా తేడా ఉంది. ఇది మొహమాటం లేకుండా మాట్లాడుకోవాల్సిన విషయం.

వయసు, ఒళ్లు. మోకాళ్ల నొప్పులున్న నలభై అయిదేళ్ల మనిషికి, తొమ్మిదేళ్ల పిల్లకు ఒకే సలహా ఇవ్వలేం.

రేపు నేర్పే ఉద్దేశం ఉందా? ఉంటే మొదటి రోజునుంచే మాస్టారి డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయి) ఎక్కడిది, ఆయనకు ఎవరిచ్చారు అన్నది ముఖ్యం. దీని గురించి కింద విడిగా రాశాను.

ఎంత పాతది అన్నది మాత్రం ఈ జాబితాలో పెట్టలేదు. ‘రెండు వేల ఏళ్ల కళ’ అని బోర్డు మీద రాసుకుంటారు గానీ, ఇప్పుడు మనం చూసే తైక్వాండో రూపం 1940లు, 50ల్లో సోల్ శిక్షణశాలల్లో తయారైంది. వాటిని నడిపినవారిలో చాలామంది జపాన్ పాలన రోజుల్లో కరాటే నేర్చుకున్నవారు. తైక్వాండో అన్న పేరే 1955లో పెట్టారు. దానివల్ల ఆ కళ విలువేమీ తగ్గదు. కాకపోతే పాతదన్న ఒక్క మాట విని ఫీజు కట్టకండి.

## ఒలింపిక్ తైక్వాండో

1988లో సోల్‌లో, 1992లో బార్సిలోనాలో ప్రదర్శన క్రీడగా ఉండి, 2000 సిడ్నీ నుంచి పతకాల క్రీడ అయింది. పోటీలు నడిపేది 1973లో పుట్టిన వరల్డ్ తైక్వాండో. బ్లాక్ బెల్ట్ డాన్ ఇచ్చేది సోల్‌లోని గంగ్నమ్‌లో 1972లో తెరిచిన కుక్కివన్. ఇవి రెండు వేర్వేరు సంస్థలు. పోటీల్లో పతకం తెచ్చుకున్నంత మాత్రాన డాన్ రాదు, డాన్ ఉన్నంత మాత్రాన పోటీల దారి తెరుచుకోదు.

ఇక్కడ గంట ఎలా గడుస్తుందో తెలియాలంటే పాయింట్ల లెక్క చూస్తే చాలు. ఛాతీ గార్డు మీద గుద్దుకు 1, కిక్‌కు 2. తలకు కిక్ తగిలితే 3. తిరిగి తన్నితే గార్డుకు 4, తలకు 5. తల మీద గుద్దడం, నడుము కింద తన్నడం నిషేధం. ఇలా లెక్కగడితే ఏ కోచ్ అయినా ఏం నేర్పుతాడు? కాళ్లే నేర్పుతాడు. సాగదీసే వ్యాయామాలు, అడుగులు, ప్యాడ్ల మీద వందల కిక్కులు, ఆపై స్పారింగ్, అంటే జోడీతో తలపడే అభ్యాసం. ఒంటికి ఇంత చురుకుదనం, తుంటిలో ఇంత సాగుబాటు ఇచ్చే కళలు తక్కువ. ఆరేడేళ్ల పిల్లలకైతే ఎగరడం, తన్నడం, కేక వేయడం కలిసి పండగే.

దీని లోటు కూడా అక్కడే ఉంది. మొహం మీద గుద్దు రాదని తెలిసినవాడు చేతులు కిందికి వదిలేస్తాడు. రింగులో అది తప్పు కాదు. వీధిలో ఎవడైనా చెయ్యి ఎత్తినప్పుడు అదే అలవాటు ప్రమాదం. తలకు తన్నితే ఎక్కువ పాయింట్లు కాబట్టి పిల్లలు కూడా తల మీదికే గురిపెడతారు. మీ మాస్టారు ఏ వయసునుంచి తలకు కిక్ అనుమతిస్తారో, దెబ్బ తగిలాక ఎన్ని రోజులు స్పారింగ్ ఆపుతారో అడగండి. జవాబు తడబడితే ఆలోచించండి.

స్పారింగ్ వద్దనుకునేవారికి ఇందులోనే పూమ్సే ఉంది, అంటే వరసగా చేసే కదలికలు. బ్లాక్ బెల్ట్ లోపు తేగుక్ అనే ఎనిమిది వరసలు, ఆపైన కొర్యో అనే వరసతో మొదలై మరికొన్ని. పూమ్సేకు 2006 నుంచి ప్రపంచ పోటీలున్నాయి, అందులో యాభై, అరవై ఏళ్లు దాటినవారికి కూడా విడి విభాగాలున్నాయి. పెద్ద వయసులో చేరేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చేతుల్లో లోపం ఉన్న క్రీడాకారులకు పారా తైక్వాండో ఉంది, అందులో తల మీద తన్నడం నిషేధం. అది టోక్యోలో పారాలింపిక్స్‌లోకి వచ్చింది. మన అరుణా తన్వర్ అక్కడ ఆడింది.

## ఐటీఎఫ్ తైక్వాండో

తైక్వాండోకు ఆ పేరు తెచ్చిన సైనిక జనరల్ చోయ్ హాంగ్ హి 1966లో సోల్‌లో స్థాపించిన అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్య (ఐటీఎఫ్) దారి ఇది. 1972లో ఆయన కెనడా వెళ్లిపోవడంతో సమాఖ్య కూడా కొరియా దాటింది. ఒలింపిక్స్‌లో లేదు. 2002లో ఆయన పోయాక అదే పేరుతో ఒకటికి మించి సంస్థలు మిగిలాయి. మీ మాస్టారు వాటిలో ఏ సంస్థ మనిషో అడగాల్సిందే.

ఇందులో వరసలను తుల్ అంటారు. మొత్తం 24. రోజులో 24 గంటలున్నట్టే ఇవీ 24 అని జనరల్ చెప్పేవాడు. మొదటిదైన చోన్-జీలో 19 కదలికలుంటాయి. స్పారింగ్‌లో చేతులకు గ్లోవ్స్, కాళ్లకు ప్యాడ్లు వేసుకుంటారు, దెబ్బ అదుపులో ఉండాలి, కానీ తల మీద గుద్దు చెల్లుతుంది. ఈ ఒక్క నియమంతో గంట రూపమే మారిపోతుంది. చేతులు పైకి లేస్తాయి, కిక్, పంచ్ కలిపి కొట్టడం అలవాటవుతుంది. పోటీల మెట్లు అక్కర్లేదు, పిల్లాడికి చేతులూ కాళ్లూ రెండూ రావాలి అనుకునేవారికి మంచి మాస్టారు దొరికితే నేను ముందు దీన్నే చెబుతాను. దొరకడమే కష్టం.

## హాప్కిడో

జపాన్ నుంచి తిరిగొచ్చిన చోయ్ యోంగ్-సుల్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేగు నగరంలో నేర్పిన పట్లు, మడతలు, విసురులు దీనికి పునాది. తర్వాత శిష్యులు కొరియా కిక్కులు చేర్చారు. బ్రూస్ లీ సినిమాలో కనిపించిన జీ హన్-జే ఆ శిష్యుల్లో ఒకడు.

హాప్కిడో క్లాసుకు వెళితే మొదట కనిపించేది పడటం. ముందుకు, వెనక్కు, పక్కకు, దొర్లుతూ. కొత్తగా చేరినవాళ్లు చేత్తో నేలను ఆపబోతారు, మణికట్టు దెబ్బతినేది అక్కడే. గడ్డం ఛాతీకి ఆనించి, అరచేయి నుంచి మోచేయి దాకా ఒకేసారి మ్యాట్‌ను చరచడం వచ్చేదాకా నిజమైన మాస్టారు విసరనివ్వడు. వారాలు పట్టినా సరే. ఆ చప్పుడు ఒక్కసారి సరిగ్గా వినిపిస్తే మనిషి భయం పోతుంది. నా దృష్టిలో పెద్దలకు ఈ కళ ఇచ్చే గొప్ప మేలు ఇదే. స్కూటర్ మీంచి జారినా, తడి బాత్రూంలో కాలు జారినా పనికొచ్చేది కిక్ కాదు, ఇది.

తర్వాత పట్టు విడిపించుకోవడం. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే వెనక్కి లాగితే ఊడదు. పట్టుకున్నవాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందు ఉంటుంది. మణికట్టు సన్నటి అంచును ఆ సందు వైపు తిప్పి, మోచేతిని అతని వైపుకే తోస్తే ఊడుతుంది. పది నిమిషాల్లో నేర్చుకునేది. అయితే అసలు సంగతి తర్వాత వస్తుంది: పట్టుకున్న జోడీదారు మర్యాదగా వదిలేస్తుంటే మీకు ఏమీ రావట్లేదని అర్థం. క్లాసు చివర కనీసం పది నిమిషాలైనా ఎదుటివాడు నిజంగా గట్టిగా పట్టుకుని, లాగి, తోసే అభ్యాసం ఉందా అని చూడండి. చాలా హాప్కిడో క్లాసుల లోటు అదే.

ఎదిగే ఎముకలున్న పిల్లల కీళ్లను గట్టిగా మెలితిప్పకూడదు. కాబట్టి పన్నెండేళ్ల లోపు పిల్లలకు నా సలహా హాప్కిడో కాదు. పడటం ఒక్కటీ నేర్పిస్తే చాలు.

## తాంగ్ సూ డో

హ్వాంగ్ కీ 1945లో మొదలుపెట్టిన మూ డుక్ క్వాన్ అనే శిక్షణశాల నుంచి వచ్చింది. కరాటే చేసినవాళ్లు చూస్తే ఇందులో ప్యోంగ్ అన్ వరసలు వెంటనే గుర్తుపడతారు, ఒకినావా నుంచి వచ్చిన పినాన్ కతాలే (కరాటే వరసలే) అవి. బ్లాక్ బెల్ట్ బదులు ముదురు నీలం బెల్ట్ కట్టే సంప్రదాయం ఉంది. కొరియాలో ఓసాన్ వైమానిక స్థావరంలో పనిచేసిన అమెరికా సైనికులు నేర్చుకుని తమ దేశానికి తీసుకెళ్లారు, హాలీవుడ్ నటుడు చక్ నోరిస్ అలా నేర్చుకున్నవాడే. అందుకే ఇది అమెరికాలో దొరికినంత సులువుగా మన దగ్గర దొరకదు.

గంటలో ఎక్కువ భాగం వరసలు, జంటగా చేసే ఒకడుగు అభ్యాసం, అంటే ఒకరు ఒక్క అడుగు వేసి కొడితే మరొకరు తిప్పికొట్టడం. నెమ్మది, శ్రద్ధ, మర్యాద. పిల్లలు, తల్లిదండ్రులు ఒకే క్లాసులో నేర్చుకోవడానికి ఇంత వీలైనది ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉన్న తెలుగు కుటుంబాలు దీన్ని తప్పకుండా ఒకసారి చూడాలి.

## తెక్యోన్, కుమ్డో

నిజంగా పాత కొరియా కళే కావాలంటే తెక్యోన్ ఉంది. నాట్యంలా ఊగే అడుగులు, కాలితో తోసి పడేయడం, గాలిలో కాలు విసరడం. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లింది, యుద్ధకళల్లో ఆ గౌరవం దక్కిన మొదటిది ఇదే. ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని బతికించింది సాంగ్ డోక్-గీ. నేర్చుకోవాలంటే చుంగ్జూ, సోల్ లాంటి చోట్లకు వెళ్లాలి. కొరియాలో చదువుకునేవారికీ ఉద్యోగం చేసేవారికీ ఇది బంగారం లాంటి అవకాశం. మిగతావాళ్లం వీడియోలు చూసి ఆనందించడమే.

కుమ్డో వెదురు కత్తితో, కవచంతో ఆడేది. నియమాలు జపాన్ కెండోవే. 2006 ప్రపంచ కెండో పోటీల్లో పురుషుల జట్టు టైటిల్ కొరియాదే. కవచం ఖర్చు ఎక్కువ, ఆత్మరక్షణ దీని పని కాదు. మనసు నిలపడానికి దీనంత పదునైనది తక్కువ.

## ఒక్క చూపులో

| కళ | గంటలో ఎక్కువ భాగం | పోటీల దారి | జాగ్రత్త పడాల్సింది | ఎక్కడ దొరుకుతుంది |
|---|---|---|---|---|
| ఒలింపిక్ తైక్వాండో | కిక్కులు, స్పారింగ్ | స్కూల్ నుంచి ఒలింపిక్స్ దాకా | తల, మోకాలు, చీలమండ | చాలా పట్టణాల్లో |
| ఐటీఎఫ్ తైక్వాండో | తుల్, చేతులూ కాళ్లూ కలిపి | సొంత సమాఖ్యల్లో | తల మీద గుద్దులు | కొన్నిచోట్ల |
| హాప్కిడో | పడటం, పట్లు, విసురులు | దాదాపు లేదు | మణికట్టు, భుజం | పెద్ద నగరాల్లో కొద్దిగా |
| తాంగ్ సూ డో | వరసలు, జంట అభ్యాసం | సొంత టోర్నమెంట్లు | తక్కువ | అమెరికాలో ఎక్కువ |
| తెక్యోన్ | అడుగులు, తోపు కిక్కులు | కొరియాలో | పడటం | కొరియాలో |
| కుమ్డో | కత్తి దెబ్బలు, కవచంతో ఆట | కెండో ప్రపంచ పోటీలు | మడమ వెనక స్నాయువు | చాలా అరుదు |

## ఎవరు ఏది

ఆరు నుంచి పదేళ్ల పిల్లలకైతే ఇంటికి దగ్గర్లో ఉన్న తైక్వాండో, ఏ శాఖైనా సరే. దూరం ఎక్కువైతే మూడో నెలకే మానేస్తారు. పదమూడు దాటి, గెలవాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు ఒలింపిక్ తైక్వాండో. వరల్డ్ తైక్వాండో నియమాల్లో 12 నుంచి 14 ఏళ్లవాళ్లు క్యాడెట్లు, 15 నుంచి 17 జూనియర్లు. ఆ వయసులో ఏడాది వృథా అయితే మళ్లీ రాదు, కాబట్టి రాష్ట్ర స్థాయికి పిల్లల్ని పంపిన అనుభవం ఉన్న కోచ్‌నే ఎంచుకోండి.

ఆత్మరక్షణ కోసం చేరే అమ్మాయిలు, ఉద్యోగినులు ఎక్కువగా అడుగుతారు. హాప్కిడో అని వెంటనే చెప్పేయను. నిజంగా ప్రతిఘటించే జోడీతో అభ్యాసం ఉంటే హాప్కిడో, లేకపోతే ఐటీఎఫ్. రెండూ దొరకని ఊళ్లో తైక్వాండో చేస్తూ, మాస్టారిని అడిగి వారానికో రోజు పట్టు విడిపించుకోవడం పెట్టించుకోండి. బలంగా, వేగంగా, కేక వేయడానికి జంకని మనిషిగా మారడమే సగం రక్షణ, అది తైక్వాండో ఇస్తుంది.

నలభై దాటినవారికి: మోకాళ్లు బాగుంటే పూమ్సే, బాగోకపోతే హాప్కిడోలో పడటం నెమ్మదిగా. ముందు డాక్టర్‌కు చూపించుకున్నాకే.

## నేర్పాలనుకునేవారికి

కుక్కివన్ నియమాల్లో మొదటి డాన్ నుంచి రెండుకు కనీసం ఏడాది, రెండు నుంచి మూడుకు రెండేళ్లు, మూడు నుంచి నాలుగుకు మూడేళ్లు ఆగాలి. అంటే బ్లాక్ బెల్ట్ కట్టాక నాలుగో డాన్‌కు తక్కువలో తక్కువ ఆరేళ్లు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు డాన్ బదులు పూమ్ (పిల్లల బ్లాక్ బెల్ట్ స్థాయి) ఇస్తారు. నాలుగో డాన్, ఆపైన ఉన్నవారే శిష్యుల్ని డాన్ పరీక్షకు సిఫార్సు చేయగలరు. మీరు మూడో డాన్‌తో సొంత సెంటర్ తెరిస్తే, శిష్యుల సర్టిఫికెట్ కోసం ఇంకొకరి సంతకం మీద ఆధారపడాలి. ఐటీఎఫ్‌లోనూ మూడో డాన్ దాకా సహాయ శిక్షకులే, నాలుగు నుంచి పూర్తి శిక్షకులు. హాప్కిడోలో ఒకే కేంద్ర సంస్థ లేదు, సమాఖ్యలు చాలా. డాన్ ఏ సమాఖ్యదో దాన్ని బట్టే విలువ. నేర్పడమే జీవనోపాధి చేసుకోవాలనుకునేవారికి అందుకే నేను కుక్కివన్ దారే చెబుతాను. డాన్ నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు కూడా, మీ మాస్టారిది కూడా అలాగే చూడండి. అది అమర్యాద కాదు.

సర్టిఫికెట్ ఒకటి, నేర్పడం ఒకటి. దోల్యో చాగీ, అదే రౌండ్ కిక్, నేర్పే తీరు చూస్తే మాస్టారి పస తెలిసిపోతుంది. పిల్లలు చేసే మామూలు తప్పు, నేల మీద నిలిచిన కాలు తిప్పకుండా తన్నడం. అప్పుడు తిప్పంతా మోకాలి మీద పడుతుంది. మంచి శిక్షకుడు ముందు పిల్లాణ్ని గోడ పట్టుకుని నిలబెడతాడు. నేల మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. మోకాలు ఎత్తు, ఆగు. నిలిచిన పాదం తిప్పు, మడమ ఎదుటివాడి వైపు చూసేదాకా. తుంటి తిరిగిందా, ఇప్పుడు తన్ను. తన్నిన కాలు మళ్లీ మడిచి దించు. ఇరవైసార్లు నెమ్మదిగా, ప్యాడ్ లేకుండా. చెడ్డ శిక్షకుడు మొదటి రోజే ప్యాడ్ ఎత్తి గట్టిగా తన్నమంటాడు. పిల్లాడికి సరదాగా ఉంటుంది, రెండేళ్లకు మోకాలు పట్టుకుంటాడు.

## చేరేముందు ఒక క్లాసు చూడండి

చూడనివ్వకపోతే చేరకండి. కూర్చుని గడియారం చూస్తూ కాగితం మీద రాసుకోండి: వార్మప్ ఎంతసేపు, వరసలు ఎంతసేపు, జంట అభ్యాసం ఎంత, వరసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూడటం ఎంత. ముప్పై మంది పిల్లలకు ఒక్క ప్యాడ్ ఉంటే గంటలో మీ పిల్లాడు తన్నేది పది కిక్కులే.

నేల గట్టి టైల్సా, మ్యాటా చూడండి. అమ్మాయిలకు తాకి నేర్పాల్సి వస్తే ఎలా నేర్పుతున్నారో, మహిళా శిక్షకులు ఉన్నారో చూడండి. బెల్ట్ పరీక్ష ఎన్ని నెలలకోసారి, ఫీజు ఎంత, పరీక్షలో ఎవరైనా ఎప్పుడైనా తప్పారా అని అడగండి. ఎవరూ తప్పని చోట బెల్ట్ అంటే రసీదే. అమెరికాలో ఉన్నవారు ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు, మధ్యలో మానితే డబ్బు ఎంత తిరిగొస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. బ్లాక్ బెల్ట్ దాకా మొత్తం ప్యాకేజీ ముందే అమ్ముతామంటే వద్దని చెప్పి, నెల నెలా కట్టే దారి అడగండి.